చింపని తపాలా బిళ్ళల షీటు - సరదా ఎంత, సంపద ఎంత?

పోస్టాఫీసు గుమాస్తా సొరుగులోంచి తపాలా బిళ్ళల షీటు తీస్తాడు. చిల్లుల వెంట మడత పెట్టి, అడిగినన్ని బిళ్ళలు చింపి ఇస్తాడు. వాటిని తడి చేసి కవరు మీద అంటించడంతో జనం పని అయిపోతుంది. ఇప్పుడు చాలా కౌంటర్లలో ఆ పని కూడా లేదు. కంప్యూటరు చీటీయే కవరు మీదికి ఎక్కుతోంది. అయితే ఆ షీటును చింపకుండా, మడవకుండా, అంచులతో సహా మొత్తంగా కొనుక్కుని దాచుకునే వారు దేశదేశాల్లో ఉన్నారు. కొన్ని షీట్లను పరిమిత సంఖ్యలో అచ్చు వేయించి అలాంటివారి కోసమే అమ్మే తపాలా శాఖలూ ఉన్నాయి.

ఈ సరదా పట్నాల్లో డబ్బున్నవారికే పరిమితమని చాలామంది అనుకుంటారు. నిజానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని పల్లెలకూ దీనితో పని ఉంది. ఒకటి, తపాలా బిళ్ళలు సేకరించే బడిపిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం పొందే వీలుంది. రెండు, మన ఇళ్ళలో అటకల మీద పడి ఉన్న పాత ఉత్తరాల్లో ఏముందో తెలియక ఏటా కొన్ని భోగిమంటల పాలవుతున్నాయి. మూడు, ‘పాత బిళ్ళలకు లక్షలు ఇస్తాం’ అనే మాయమాటలు సెల్‌ఫోను ద్వారా ఊళ్ళలోకి వచ్చేశాయి. అందుచేత అసలు సంగతి తెలుసుకోవడం మంచిది.

షీటులో ఏముంటుంది?

తపాలా బిళ్ళను ఎక్కడా ఒక్కొక్కటిగా అచ్చు వేయరు. పెద్ద కాగితం మీద వరసలు వరసలుగా అచ్చు వేసి, వెనుక జిగురు పూసి, వరసల మధ్య చిల్లులు వేస్తారు. ఈ కాగితమే షీటు. మన దేశపు బిళ్ళలు మహారాష్ట్రలోని నాసిక్‌లో ఉన్న ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లోనూ, హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లోనూ అచ్చవుతాయి.

షీటు చుట్టూ తెల్లటి అంచు ఉంటుంది. రంగులు సరిగా పడ్డాయో లేదో చూసుకునేందుకు వేసే చుక్కలు, అచ్చు పలక నంబరు, షీటు మొత్తం ధర వంటివి ఆ అంచు మీద కనిపిస్తాయి. వాడుకునేవారికి ఈ అంచు చెత్త. సేకరించేవారికి మాత్రం అది బిళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే జాతకం. అంచు చింపిన షీటు వారి దృష్టిలో మొండెం వంటిది.

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ ‘పెన్నీ బ్లాక్’ ఇంగ్లండులో 1840 మే 6 నుంచి వాడకంలోకి వచ్చింది. ఒక షీటుకు 240 బిళ్ళలు. ఆ రోజుల్లో 240 పెన్నీలు ఒక పౌను కాబట్టి, షీటు ధర సరిగ్గా ఒక పౌను. అప్పటికి చిల్లులు వేసే యంత్రం లేదు. గుమాస్తా కత్తెరతో కోసి ఇచ్చేవాడు. 1854లో మన దేశమంతటికీ కలకత్తాలో అచ్చు వేసిన బిళ్ళలకూ చిల్లులు లేవు, కత్తెరే గతి. బిళ్ళలన్నీ కోతకు గురయ్యే రోజుల్లో కోయని షీటును దాచాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? అందుకే ఆనాటి పూర్తి షీట్లు అంత అరుదు.

పొరపాటుకు పట్టం

1854 నాటి నాలుగణాల బిళ్ళ కథ చెప్పుకోదగ్గది. దాన్ని రెండు రంగుల్లో, రెండు సార్లుగా అచ్చు వేశారు. ఎర్రటి చట్రం ఒకసారి, విక్టోరియా రాణి నీలం తల ఇంకోసారి. రెండో అచ్చుకు కొన్ని కాగితాలు తలకిందులుగా పెట్టేసరికి రాణిగారి తల తలకిందులయింది. ఆ కొద్ది బిళ్ళలు ఈనాడు ప్రపంచంలోని అత్యంత అరుదైన వాటిలో ఒకటిగా లెక్కకు వస్తున్నాయి.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1918 మే 14న విలియం రోబీ అనే ఆయన వాషింగ్టన్ పోస్టాఫీసులో 24 సెంట్ల విమానం బిళ్ళలు నూరు ఉన్న షీటు కొన్నాడు. ఖర్చు 24 డాలర్లు. చూస్తే నూరు బిళ్ళల్లోనూ విమానం తలకిందులుగా ఉంది. వారం తిరగకుండానే ఆ షీటును 15,000 డాలర్లకు అమ్మేశాడు. తర్వాత అది 20,000 డాలర్లకు కల్నల్ గ్రీన్ అనే ధనికుడి చేతికి వెళ్ళింది. ఆయన షీటును విడగొట్టి అమ్మించాడు. ఆ నూటిలో ఒక్క బిళ్ళ 2023లో ఇరవై లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఈ కథలు విన్నవారికి నోరూరడం సహజం. కాని వాటిలో ఒక నీతి ఉంది. ఆ బిళ్ళలను ఎవరూ ‘అరుదైనవి’ అని చెప్పి అచ్చు వేయలేదు. పొరపాటు వల్ల, మిగిలినవి వాడకంలో పోవడం వల్ల అవి అరుదయ్యాయి. అచ్చు వేసేనాడే ‘పరిమిత సంఖ్య’ అని డప్పు కొట్టి అమ్మేవాటి సంగతి వేరు.

పెద్దల పందేరం - ప్రజల తిరుగుబాటు

కత్తిరించని షీట్ల చరిత్రలో పెద్ద గొడవ కూడా అమెరికాలోనే జరిగింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు తపాలా బిళ్ళల పిచ్చి ఉండేది. ఆయన ప్రభుత్వంలో తపాలా శాఖాధిపతి జేమ్స్ ఫార్లీ. 1933 నుంచి కొత్త బిళ్ళ అచ్చయినప్పుడల్లా ఫార్లీ ప్రెస్ నుంచి చిల్లులు వేయని, జిగురు పూయని షీట్లను అసలు ధరకే తీసుకుని అధ్యక్షుడికి, కొందరు పెద్దలకు కానుకగా ఇవ్వడం మొదలుపెట్టాడు.

అలాంటి షీటు ఒకటి బజారుకు రావడంతో గుట్టు రట్టయింది. సామాన్యుడికి దొరకని సరుకు పెద్దలకు మాత్రం ఎలా దొరుకుతుందని సేకర్తలు దేశమంతటా గోల చేశారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చింది. అదే తరహాలో 20 రకాల బిళ్ళలను మళ్ళీ అచ్చు వేసి, 1935 మార్చిలో ఎవరు అడిగినా అమ్మింది. వాటిని ‘ఫార్లీ తిక్కపనులు’ అని ఈనాటికీ పిలుస్తారు.

అందరికీ దొరికిన మరుక్షణం పెద్దల చేతిలోని షీట్లకు ఉన్న ప్రత్యేకత మాయమైంది. ‘కొద్దిగానే ఉన్నాయి’ అన్న మాట, అచ్చు వేసేవాడు మాట మీద నిలబడినంత కాలమే నిజమని అప్పుడు తేలింది. అదే అమెరికా తపాలా శాఖ 2012 నుంచి కొన్నేళ్ళపాటు, కోత గీతలు లేని పెద్ద ప్రెస్ షీట్లను పరిమిత సంఖ్యలో తానే బహిరంగంగా అమ్మింది.

మన దేశంలో

స్వతంత్ర భారతంలో అన్నిటికంటె పేరుపడ్డ బిళ్ళలు గాంధీగారివి. 1948 ఆగస్టు 15న నాలుగు రకాలు వెలువడ్డాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. వీటిని స్విట్జర్లండులో అచ్చు వేయించారు. ఆనాడు పది రూపాయలంటే మాటలు కాదు. కూలివాడికి ఎన్నో రోజుల కష్టం. అందుకే ఆ బిళ్ళను కొని దాచినవారు తక్కువ. గవర్నర్ జనరల్ వాడకం కోసం ‘సర్వీస్’ అని పైన అచ్చు వేసిన పది రూపాయల బిళ్ళలు నూరు మాత్రమే. వాటిలో విడదీయని నాలుగు బిళ్ళల వరస ఒకటి 2017లో ఇంగ్లండులో 5 లక్షల పౌన్లకు అమ్ముడుపోయింది. నాలుగూ విడివడకుండా ఉండటమే దాని ఘనత.

కొన్ని బిళ్ళలను చిన్న కాగితం మీద బొమ్మల అలంకరణతో అచ్చు వేసే ‘మినియేచర్ షీటు’ మన దేశంలో మొదటిసారి 1973లో, ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన సందర్భంగా వచ్చింది. తర్వాత వీటి సంఖ్య బాగా పెరిగింది. 2006 డిసెంబరులో గంధపు వాసన వచ్చే బిళ్ళ, 2007లో గులాబీ, 2008లో మల్లె, 2017లో కాఫీ వాసన బిళ్ళలు వచ్చాయి.

2011 ఫిబ్రవరి 12న ఢిల్లీ ప్రదర్శనలో ఖద్దరు గుడ్డ మీద అచ్చు వేసిన 100 రూపాయల గాంధీ బిళ్ళ విడుదలైంది. ఖద్దరు అనగానే మన పొందూరు తలపుకు రాకమానదు. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, చేత్తో సన్నని నూలు వడికే ఊరు అది. కాగితానికి బదులు గుడ్డ మీద బిళ్ళ అచ్చయిందంటే, దాని విలువ పొందూరువారికి ఇంకొకరు చెప్పనవసరం లేదు.

2013 మే 3న భారతీయ సినిమా నూరేళ్ళ పండుగకు 50 మంది కళాకారుల బొమ్మలతో 50 బిళ్ళలు ఆరు షీట్ల మీద వచ్చాయి. వాటిలో మన ఎస్.వి. రంగారావు, భానుమతి, అల్లు రామలింగయ్య ఉన్నారు. అభిమానులు తమకు నచ్చిన ఒక్క బొమ్మనే చింపుకుంటే, షీటు షీటుగా ఉండే అందం పోతుంది.

300 రూపాయలు పెడితే మన బొమ్మ

2011లోనే ‘మై స్టాంప్’ అనే పద్ధతి వచ్చింది. తపాలా శాఖ ఇచ్చే బిళ్ళ పక్కన మన ఫొటో అచ్చు వేసి ఇస్తారు. 5 రూపాయల బిళ్ళలు 12 ఉన్న షీటును 300 రూపాయల లెక్కన అమ్ముతూ వచ్చారు. పెళ్ళిళ్ళకు, షష్టిపూర్తులకు, బడుల వార్షికోత్సవాలకు వీటిని చేయించుకునేవారు ఉన్నారు.

లెక్క మాత్రం మరవకూడదు. 12 బిళ్ళలు ఒక్కోటి 5 రూపాయల చొప్పున తపాలాకు చెల్లేది 60 రూపాయలే. మిగిలిన 240 రూపాయలు ముచ్చటకు పెట్టిన ఖర్చు. ముచ్చటగా చేయించుకుంటే తప్పు లేదు. రేపు వేలకు అమ్ముడుపోతుందని అప్పు చేసి కొంటే మాత్రం చేతులు కాల్చుకున్నట్టే.

ఏ షీటుకైనా ఇదే కొలత. బిళ్ళ మీద అచ్చయిన ధర దాని నేల. అంతకు పైన పలికేదంతా కొనేవాడి ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. లక్షల కొద్దీ అచ్చయిన బిళ్ళ ఏభై ఏళ్ళు దాచినా కాసులు కురిపించకపోవచ్చు.

ముందు రుసుము అడిగితే మోసమే

ఈ మధ్య సెల్‌ఫోన్లలో ప్రకటనలు వస్తున్నాయి. ఫలానా నాణెం, ఫలానా నోటు, ఫలానా బిళ్ళ మీ దగ్గర ఉంటే లక్షలు ఇస్తామంటారు. ఫొటో పంపమంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ రుసుమనీ, పన్ననీ ముందు డబ్బు కట్టమంటారు. కట్టిన డబ్బు కట్టినట్టే పోతుంది. పాత నోట్లు, నాణేల పేరిట ఇలా రిజర్వు బ్యాంకు పేరు చెప్పుకుని రుసుములు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తపాలా బిళ్ళల విషయంలోనూ ఈ జాగ్రత్తే రక్ష. సరుకు కొనేవాడు డబ్బు ఇస్తాడు గాని, అడగడు.

బిళ్ళల మీద మన వెలుగులు

తెలుగు అక్షరం తపాలా బిళ్ళకెక్కి నూట ఏభై ఏళ్ళు దాటింది. నిజాం సంస్థానం 1871లో వెలువరించిన బిళ్ళల మీద ఇతర భాషలతోపాటు తెలుగూ ఉంది. 1975 ఏప్రిల్ 12న హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు మొదలైన రోజున కేంద్ర తపాలా శాఖ 25 పైసల బిళ్ళ విడుదల చేసింది.

విజయనగరానికి సంబంధించిన బిళ్ళలూ ఉన్నాయి. అక్కడి సంగీత కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసిన వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి శతజయంతికి 1993లో బిళ్ళ వచ్చింది. అదే కళాశాలలో చదువుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావుగారి బిళ్ళ 2003లో వచ్చింది. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు బిళ్ళ 1986లో వెలువడింది. ఈ మూడింటినీ అంచులతో సహా సంపాదించి, పక్కన నాలుగు ముక్కలు చరిత్ర రాసి పెడితే ఏ బడిలోనైనా చక్కటి ప్రదర్శన అవుతుంది.

అటక మీది నిధి

ఒకప్పుడు పల్లెల్లో వచ్చిన ఉత్తరాలన్నిటినీ కొక్కెం ఉన్న ఇనప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. ఆ తీగలు ఇప్పుడు అటకల మీద, భోషాణాల్లో పడి ఉన్నాయి. కొత్తగా అచ్చయిన షీట్ల కంటె వీటిలోనే మన జిల్లాల అసలు సంపద ఉందని చెప్పాలి.

శ్రీకాకుళాన్ని తెల్లవారు చికాకోల్ అని పిలిచేవారు. ఆనాటి తపాలా ముద్రల్లో అదే పేరు కనిపిస్తుంది. నేటి శ్రీకాకుళం రోడ్ రైలు స్టేషను అప్పట్లో చికాకోల్ రోడ్. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. ఈ మార్పులకు పాత కవర్ల మీది ముద్రలే సాక్ష్యం.

ఇంకొకటి బర్మా ఉత్తరం. ఈ తీరం నుంచి వేలాదిగా జనం రంగూను వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. బర్మా 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడిపోయింది. కొత్త బిళ్ళలు తయారయ్యేలోగా ఇండియా బిళ్ళల మీదే ‘బర్మా’ అని అచ్చు వేసి వాడారు. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాక మనవారు ఉన్నదంతా వదిలి తిరిగి వచ్చారు. ఆనాడు తాత రాసిన కార్డు, దాని మీద బిళ్ళ, ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే అది ఆ ఇంటికీ, ఈ జిల్లాకూ చరిత్ర.

అందుకే భోగినాడు పాత కాగితాలు మంటలో వేసేముందు ఒక్కసారి చూడాలి. కవరు మీది బిళ్ళను చింపి తీయకూడదు. బిళ్ళ, ముద్ర, చిరునామా మూడూ కలిసి ఉంటేనే కథ తెలుస్తుంది.

తుఫాను సీమలో కాగితం

సముద్రపు గాలి కాగితానికి శత్రువు. తడిగాలికి జిగురు కరిగి షీట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బూజు పట్టి గోధుమరంగు మచ్చలు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు ఇళ్ళలో కాగితాల గతి ఏమయిందో ఈ ప్రాంతంవారికి తెలిసిన సంగతే.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. షీటును మడవకూడదు, చుట్టకూడదు. రెండు గట్టి అట్టల మధ్య, నున్నని తెల్ల కాగితం వేసి, పడుకోబెట్టి ఉంచాలి. చేతి చెమట తగలకుండా అంచు పట్టుకోవాలి. విడి బిళ్ళలను చిమటాతో తీయాలి. జిగురు, టేపు, లామినేషను పనికిరావు. లామినేషను చేయించిన షీటుకు సేకర్తలు చిల్లిగవ్వ ఇవ్వరు. వానాకాలం వెళ్ళాక పొడి రోజున తీసి నీడలో గాలి తగలనివ్వాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి ఎత్తు మీద పెట్టాలి. గండం గడిచాక వెంటనే విప్పాలి. విప్పకపోతే లోపలి చెమ్మే వాటిని తినేస్తుంది.

పిల్లలకు ఉపకార వేతనం

సరదాగా మొదలుపెట్టదలచినవారు ప్రధాన తపాలా కార్యాలయంలో ఫిలాటెలీ ఖాతా గురించి అడగవచ్చు. కనీసం 200 రూపాయలు జమ చేస్తే, కొత్త బిళ్ళలు వెలువడినప్పుడు కోరిన రకం, కోరిన సంఖ్యలో పంపే ఏర్పాటు ఉంది. ధర ఖాతాలోంచి తగ్గిస్తారు. అచ్చు ధరకే దొరుకుతుంది కాబట్టి దళారి అక్కరలేదు.

2017 నవంబరులో కేంద్ర తపాలా శాఖ ‘దీన్ దయాళ్ స్పర్శ్’ పేరిట ఉపకార వేతనాలు మొదలుపెట్టింది. 6 నుంచి 9వ తరగతి దాకా చదివే పిల్లలు దీనికి అర్హులు. నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 రూపాయలు. దేశం మొత్తం మీద 920 మందికి ఇచ్చేలా పథకం వేశారు. ఒక్కో తపాలా సర్కిల్‌లో గరిష్ఠంగా 40 మందిని, తరగతికి పదిమంది చొప్పున ఎంపిక చేస్తారు. గత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండి అందులో సభ్యుడై ఉండాలి. క్లబ్బు లేకపోతే సొంత ఫిలాటెలీ ఖాతా ఉన్నా చాలు. మొదట క్విజ్ పరీక్ష, నెగ్గినవారికి తపాలా బిళ్ళల మీద ఒక ప్రాజెక్టు ఉంటాయి.

ఈ షరతుల్లో ఖరీదైన షీట్లు ఉండాలని ఎక్కడా లేదు. కావలసింది 200 రూపాయల ఖాతా, చదువు మీద శ్రద్ధ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఒక్కో బడిలో ఒక చిన్న క్లబ్బు పెట్టిస్తే, పదిమంది పిల్లలైనా ఈ పోటీలో నిలబడతారు. ప్రకటన ఎప్పుడు వస్తుందో, దరఖాస్తు ఎలా పెట్టాలో స్థానిక పోస్టుమాస్టరును అడిగితే తెలుస్తుంది.